బంజరు మీటర్లలో పండిన పంట: హామ్ రేడియో పాఠం



ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉన్నవాళ్లకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. పగలంతా మీడియం వేవ్‌లో విజయవాడో, హైదరాబాదో, కడపో, దగ్గరి స్టేషను ఒక్కటే పలుకుతుంది. పొద్దుగూకి అన్నాల వేళయ్యాక అదే ముల్లు మెల్లగా తిప్పితే తమిళం, హిందీ, సింహళం, ఏ దేశానిదో తెలియని పాట ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. రేడియో అదే. బ్యాటరీలు అవే. ఏరియల్ అదే. మరి రాత్రికి మారిందేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలున్నారు. వాళ్లతో సమానంగా, ఒక్కోసారి వాళ్లకంటే ముందుగా, జీతం లేకుండా సరదాకి రేడియోలు తయారుచేసుకున్న మామూలు మనుషులూ ఉన్నారు. వాళ్లలో బడిపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లనే హామ్‌లు అంటారు. వాళ్ల విద్యను మీకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన హాస్టల్లో చదువుకుని వెళ్లిన నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ పిచ్చిలోనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అనే అంటారు, నాకూ అభ్యంతరం లేదు.

హామ్ అంటే ఎవరు?

ఆకాశవాణి వంటి స్టేషన్ మాట్లాడుతుంది, మనం వింటాం. తిరిగి మాట్లాడలేం. పోలీసుల వైర్‌లెస్ రెండు వైపులా మాట్లాడుతుంది కానీ అది వాళ్ల ఉద్యోగం కోసం. ప్రభుత్వం పెట్టిన పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత ఇంట్లో సొంత స్టేషన్ పెట్టుకుని, లాభాపేక్ష లేకుండా నేర్చుకోవడానికీ స్నేహానికీ ప్రపంచంలోని ఇతర స్టేషన్లతో మాట్లాడేవారు హామ్‌లు. దీన్ని అమెచ్యూర్ రేడియో అంటారు. అమెచ్యూర్ అంటే చేతకానివాడని కాదు, ఇష్టం కొద్దీ చేసేవాడని అర్థం.

మన దేశంలో ఈ విద్య వయసు నూరేళ్లు దాటింది. 1921లోనే కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు అనే ఆయన 2జేకే అనే కాల్ సైన్‌తో స్టేషన్ నడిపారు. మన హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది.

హామ్‌లలో ఒకరికి సర్క్యూట్లు కట్టడం ఇష్టం, ఒకరికి ఉపగ్రహాలు ఇష్టం. నాకు మొదటినుంచీ దూరం అంటేనే ఇష్టం. చిన్న తీగతో, కొద్దిపాటి కరెంటుతో ఎంత దూరం పోగలమో చూడటం. దీన్ని డీఎక్స్ అంటారు. ఈ డీఎక్స్ ఎలా పుట్టిందో తెలిస్తే మనలాంటివాళ్లకు అందులో ఒక పాఠం దొరుకుతుంది.

పనికిరావని ఇచ్చిన మీటర్లు

1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండులోని పోల్డూ నుంచి పంపిన మూడు చుక్కల సంకేతాన్ని అట్లాంటిక్ సముద్రానికి అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నట్లు ప్రకటించాడు. అప్పటినుంచి కంపెనీలు, నౌకాదళాలు రేడియో వెంట పడ్డాయి. ఆ రోజుల్లో అందరి నమ్మకం ఒకటే: తరంగం పొడవు ఎంత ఎక్కువైతే అంత దూరం పోతుంది. అందుకే వేల మీటర్ల పొడవున్న తరంగాలు, ఆకాశాన్నంటే స్తంభాలు, వందల కిలోవాట్ల యంత్రాలు పెట్టారు. పొట్టి తరంగాలు నేల వెంట కొంత దూరం పోయి చచ్చిపోతాయని లెక్క కట్టారు. నేల వెంట పోయేంతవరకు ఆ లెక్క సరైనదే.

అప్పటికే అమెరికాలో వేలమంది కుర్రాళ్లు ఇళ్లల్లో రేడియోలు కట్టుకుని గాలిని నింపేస్తున్నారు. పెద్దవాళ్లకు అడ్డం వస్తున్నారని ఫిర్యాదులు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగాక రేడియోకు చట్టం కావాలన్న మాట గట్టిపడింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన చట్టం అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. అంటే, ఎవరికీ పనికిరాని చోటికి నెట్టింది. కొన్నాళ్లకు విసుగొచ్చి వాళ్లే మానేస్తారని చాలామంది అనుకున్నారు.

మన ఊళ్లల్లో బంజరు పంపకం చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. చెరువు కింద మాగాణి ఒకరిది. గుట్ట పక్కన రాళ్ల చెలక ఇంకొకరికి పట్టా. ఆ రాళ్లు ఏరి, కట్టలు వేసి, పండించి చూపించినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు.

రేడియోలోనూ అదే జరిగింది. అమెచ్యూర్లు తమకిచ్చిన రాళ్ల నేలను తవ్వడం మొదలుపెట్టారు. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ల సంఘం పాల్ గాడ్లీ అనే నిపుణుణ్ణి స్కాట్లాండుకు పంపింది. ఆయన ఆర్డ్రోసన్ దగ్గర సముద్రపు ఒడ్డున డేరా వేసుకుని, చలిలో, వానలో రాత్రులు మేలుకుని అమెరికా అమెచ్యూర్ల సంకేతాలు పట్టుకున్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగం మీద అట్లాంటిక్‌కు అటూ ఇటూ మాట్లాడుకున్నారు. పొట్టి తరంగం చచ్చిపోలేదు. పైకి వెళ్లి తిరిగి వచ్చింది.

పంట పండిందని తెలిసేసరికి అందరి కళ్లూ ఆ నేల మీద పడ్డాయి. కంపెనీలు, ప్రభుత్వాలు షార్ట్‌వేవ్‌కు పరుగులు తీశాయి. 1927లో పుణె ప్రాంతం నుంచి ఇంగ్లండుకు షార్ట్‌వేవ్ బీమ్ వైర్‌లెస్ సర్వీసు మొదలైంది. అదే ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో తరంగాల పంపకం జరిగింది. అమెచ్యూర్లకు మొత్తం దక్కలేదు కానీ 80, 40, 20, 10 మీటర్ల వంటి ముక్కలు మిగిలాయి. 1925 ఏప్రిల్ 18న పారిస్‌లో వాళ్లంతా ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడటం అందుకు బలమిచ్చింది. సంఘం కట్టినవాడి భూమి ఎంతో కొంత నిలుస్తుంది. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినోత్సవంగా జరుపుకుంటారు.

బడి నుంచి భూగోళం అవతలికి

1924 అక్టోబరు 18వ తేదీ. లండన్‌లోని మిల్ హిల్ పాఠశాలలో సెసిల్ గోయ్డర్ అనే విద్యార్థి బడి రేడియో స్టేషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో గొర్రెలు మేపే ఒక పెద్ద కమతంలో ఫ్రాంక్ బెల్ తన స్టేషన్ దగ్గర ఉన్నాడు. ఇద్దరి మధ్య సుమారు 19,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఇంతకంటే దూరం పోవడానికి భూమ్మీద పెద్దగా చోటు లేదు. ఆ ఇద్దరూ మోర్స్ సంకేతాలతో మాట్లాడుకున్నారు. ఇంగ్లండు, న్యూజిలాండ్‌ల మధ్య రెండువైపులా జరిగిన మొదటి రేడియో సంభాషణ అదే.

చెల్లెళ్లు ఇంకో పేరు గుర్తుపెట్టుకోవాలి. ఫ్రాంక్ తరువాత ఆ స్టేషన్‌ను నడిపింది ఆయన సోదరి బ్రెండా బెల్. న్యూజిలాండ్‌లో తొలి మహిళా హామ్ ఆమే. 1927లో దక్షిణాఫ్రికాతో మాట్లాడి, ఆ దేశాన్ని రేడియోలో అందుకున్న మొదటి న్యూజిలాండ్ వ్యక్తి అయింది.

ఇక ఆ బడిపిల్లాడి సంగతి. గోయ్డర్ 1936లో మన దేశానికి వచ్చి ఆలిండియా రేడియో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. మన దేశం నాలుగు మూలలా షార్ట్‌వేవ్‌లో రేడియో వినిపించే ఏర్పాటుకు ఆయన హయాంలోనే పునాదులు పడ్డాయి. అంటే మన తాతలు విన్న రేడియో వెనక, బడిలో తీగలు చుట్టిన ఒక కుర్రాడి సరదా ఉందన్నమాట.

ఆకాశంలో ఉన్నదేమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. భూమి గుండ్రంగా ఉంది. రేడియో తరంగం తిన్నగా పోతుంది. మరి న్యూజిలాండ్ ఎలా చేరింది?

భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వరకు గాలి చాలా పలచగా ఉంటుంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. ఆ భాగమే ఐనోస్పియర్. ఇలాంటి పొర ఉండి తీరాలని 1902లోనే కెన్నెలీ, హెవిసైడ్ విడివిడిగా ఊహించారు. 1924 డిసెంబరులో ఆపిల్టన్ ప్రయోగంతో రుజువు చేశాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కలకత్తా ఆచార్యుడు శిశిర్ కుమార్ మిత్రా ఈ రంగంలో మార్గదర్శి. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు ఐనోస్పియర్ పరిశోధనకు నాయకత్వం వహించారు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఈనాటికీ పై ఆకాశాన్ని రాడార్‌తో పరిశీలిస్తోంది.

ఎండాకాలం తారు రోడ్డు మీద నీళ్లున్నట్లు కనిపించే ఎండమావి మీకు తెలుసు. వేడిగాలి పొరల్లో వెలుతురు కొద్దికొద్దిగా వంగి మన కంటికి చేరడం వల్ల అలా కనిపిస్తుంది. ఐనోస్పియర్‌లో రేడియో తరంగం కూడా అలాగే వంగుతూ వంగుతూ కిందికి తిరుగుతుంది. అయితే ఎండమావి నేల దగ్గర, ఇది ఆకాశంలో.

ఈ ఐనోస్పియర్‌లో ముఖ్యంగా మూడు పొరలు గుర్తుంచుకోండి.

డి పొర: 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తు. పగలు మాత్రమే బలంగా ఉంటుంది. ఇది తరంగాన్ని వంచదు, మింగేస్తుంది. మీడియం వేవ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలను బాగా మింగుతుంది.

ఈ పొర: 90 కిలోమీటర్ల నుంచి సుమారు 150 కిలోమీటర్ల వరకు. మధ్యరకం దూరాలకు ఉపయోగం.

ఎఫ్ పొర: 150 కిలోమీటర్ల పైన. రాత్రి కూడా మిగిలి ఉంటుంది. దూర సంభాషణలకు అసలు ఆధారం ఇదే. ఒక్క గెంతులో తరంగాన్ని 3,000 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దించగలదు.

ఇప్పుడు జవాబు మీరే చెప్పగలరు. రాత్రి సూర్యుడు లేడు కాబట్టి డి పొర మాయమవుతుంది. మింగేవాడు పోయాక మీడియం వేవ్ తరంగాలు పైపొరను చేరి, వంగి, వందల మైళ్ల అవతల దిగుతాయి. అందుకే రాత్రి భోజనాల వేళకు సింహళ పాట వినిపిస్తుంది.

షార్ట్‌వేవ్ తరంగం ఇలా దిగి, నేల మీదో సముద్రం మీదో పడి, మళ్లీ పైకి లేచి మరో గెంతు వేస్తుంది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేసినట్లు. అలా నాలుగైదు గెంతుల్లో ఖండాలు దాటుతుంది. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు కాబట్టి 19,000 కిలోమీటర్లకు పట్టే సమయం సెకనులో పదహారో వంతు మాత్రమే.

దీనివల్ల ఒక విచిత్రం కూడా ఉంది. మొదటి గెంతు కిందనున్న ప్రాంతంలో తరంగం దిగదు. అందుకే మా ఇంటి నుంచి జపాన్ స్టేషన్ గట్టిగా వినిపించే వేళ పక్క జిల్లా మిత్రుడు అసలు వినిపించడు. ఈ నిశ్శబ్ద ప్రాంతాన్ని స్కిప్ జోన్ అంటారు.

సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో పై పొరలు బలపడి 10, 15 మీటర్ల బ్యాండ్లలో కొద్దిపాటి శక్తితోనే ప్రపంచం చుట్టి రావచ్చు. ఇప్పుడు నడుస్తున్న 25వ సౌరచక్రం 2024లో గరిష్ఠ దశకు చేరింది. మచ్చలు తగ్గినప్పుడు ఓపిక పట్టి, రాత్రిళ్లు 40 మీటర్లలో వెతుక్కోవాలి. రైతు వాన కోసం చూసినట్లు హామ్ సూర్యుడి కోసం చూస్తాడు.

ఒక తీగ, ఒక లెక్క

పెద్ద స్తంభం లేకుండా ఇంత దూరం పోయేది ఏ ఏంటెన్నాతో? చాలామంది హామ్‌ల మొదటి ఏంటెన్నా ఒట్టి రాగి తీగ. దాని లెక్క పదో తరగతి పిల్లలకు కష్టం కాదు.

తరంగం పొడవు మీటర్లలో కావాలంటే 300ని ఫ్రీక్వెన్సీతో, అంటే మెగాహెర్ట్జ్‌లతో, భాగించాలి. 14.2 మెగాహెర్ట్జ్‌కు 300 ÷ 14.2 = సుమారు 21 మీటర్లు. అందుకే దాన్ని 20 మీటర్ల బ్యాండ్ అంటారు. అందులో సగం పొడవున్న తీగ ఆ తరంగానికి సరిగ్గా స్పందిస్తుంది. నిజం తీగ విషయంలో సుమారు 5 శాతం తగ్గించాలి. కాబట్టి సూత్రం 143 ÷ ఫ్రీక్వెన్సీ.

143 ÷ 14.2 = సుమారు 10 మీటర్లు. దీన్ని మధ్యకు కోసి రెండు 5 మీటర్ల ముక్కలు చేసి, మధ్యలో కోయాక్సియల్ కేబుల్ కలిపితే డైపోల్ ఏంటెన్నా తయారు. రెండు చెట్లకో, మేడ పిట్టగోడలకో నైలాన్ తాడుతో కట్టవచ్చు. తీగ సాగిన దిశకు అడ్డంగా, అంటే దాని రెండు పక్కలకు, సంకేతం ఎక్కువగా పోతుంది. తూర్పు పడమరలకు మాట్లాడాలంటే తీగను ఉత్తర దక్షిణాలుగా కట్టాలి.

ఒక హెచ్చరిక. కరెంటు తీగలకు దగ్గరగా ఏ ఏంటెన్నా తీగా విసరకూడదు, కట్టకూడదు. తెగి మీద పడినా అందనంత దూరం ఉండాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ముట్టుకోకూడదు.

ఇక శక్తి. 5 వాట్లు, అంతకంటే తక్కువ శక్తితో మాట్లాడటాన్ని క్యూఆర్‌పీ అంటారు. మన గదిలో వెలిగే చిన్న ఎల్ఈడీ బల్బు కంటే తక్కువ. పరిస్థితి అనుకూలిస్తే ఆ 5 వాట్లతోనే సముద్రాలు దాటవచ్చు. నేను దాటాను. ఒక సాయంత్రం జపాన్ స్టేషన్ నా సంకేతానికి జవాబు చెప్పినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

గాలిలో పేరు, ఊరు

హామ్ పేరు కాల్ సైన్. మన దేశంవాళ్లది సాధారణంగా వీయూ2 లేదా వీయూ3తో మొదలవుతుంది. ప్రపంచంలో ఒకరికి ఉన్నది ఇంకొకరికి ఉండదు. సంభాషణ ఇలా నడుస్తుంది. ముందు ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ చూసి, "సీక్యూ, సీక్యూ" అని పిలుస్తాం. అంటే "ఎవరైనా ఉన్నారా, పలకండి" అని. ఎవరో జవాబిస్తారు. సంకేతం ఎంత బాగా వినిపిస్తోందో అంకెల్లో చెప్పుకుంటాం. చాలా బాగుంటే ఐదు, తొమ్మిది. తరువాత పేరు, ఊరు, వాతావరణం, వాడుతున్న ఏంటెన్నా. చివర "సెవెన్టీ త్రీ" అంటే శుభాకాంక్షలు. వివరాలు లాగ్ పుస్తకంలో రాసుకుంటాం. టైము అందరికీ ఒకటే ఉండాలి కాబట్టి అంతర్జాతీయ సమయం వాడతాం. మన గడియారంలో ఐదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. తరువాత క్యూఎస్‌ఎల్ కార్డు అనే ధ్రువీకరణ కార్డు ఒకరికొకరు పంపుకుంటారు.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. మన ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే ముందు "ఏ ఊరు?" అంటారు. తరువాత "ఎవరి పిల్లాడివి?" అంటారు. ఆ తరువాత, నోటితో అడగకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అదేమిటో మన హాస్టల్లో ఎవరికీ నేను చెప్పనక్కర్లేదు. నా లాగ్ పుస్తకాలు పదకొండు నిండాయి. అందులో ఎన్నో దేశాలవాళ్లున్నారు. వాళ్లు నా ఊరు అడిగారు. నా ఏంటెన్నా ఎంత ఎత్తులో ఉందని అడిగారు. మూడో ప్రశ్న ఒక్కరూ అడగలేదు. గాలిలో మనిషికి విలువ అతని సంకేతం ఎంత శుభ్రంగా ఉంది, ఎంత మర్యాదగా వింటాడు అన్నదాన్ని బట్టే.

మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ. జోర్డాన్ రాజు హుస్సేన్ కాల్ సైన్ జేవై1. రాజుగారు కూడా గాలిలో తన పేరు హుస్సేన్ అని మాత్రమే చెప్పుకునేవారు. ఈ రంగంలోనూ డబ్బున్నవాడికి పెద్ద ఏంటెన్నా ఉంటుంది, అది నిజమే. కానీ పరీక్ష అందరికీ ఒకటే, ఐనోస్పియర్ అందరికీ ఒకటే.

ఇంగ్లీషు రాదని భయపడే తెలుగు మీడియం తమ్ముళ్లకు ఇంకో మాట. మామూలు సంభాషణకు కావలసింది నలభై యాభై మాటలే. క్యూటీహెచ్ అంటే ఉన్న ఊరు, క్యూఆర్‌ఎమ్ అంటే ఇతర స్టేషన్ల అంతరాయం, క్యూఎస్‌బీ అంటే సంకేతం పెరిగి తగ్గడం. ఈ సంకేతాలు అన్ని దేశాలకూ ఒకటే. అవతలి జపాన్ ఆయనకూ, బ్రెజిల్ ఆమెకూ ఇంగ్లీషు సొంత భాష కాదు. నా నోరు తిరిగింది ఇక్కడే.

ఆపదలో చుట్టం

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. సెల్‌ఫోన్ పలకాలంటే దగ్గర్లో టవరు ఉండాలి, టవరుకు కరెంటు ఉండాలి, దాని వెనక కేబుల్ ఉండాలి. తుపానుకు ముందు తెగేవి అవే. హామ్ స్టేషన్‌కు ఒక సెట్టు, ఒక తీగ, ఒక 12 వోల్టుల కారు బ్యాటరీ చాలు. మధ్యలో ఇంకెవరూ అక్కర్లేదు.

2004 డిసెంబరులో హైదరాబాద్ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. అక్కడినుంచి హామ్ రేడియో పలికి చాలా ఏళ్లయింది. ప్రపంచమంతా ఆ అరుదైన దీవుల సంకేతం కోసం ఎదురుచూస్తోంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో వేల సంభాషణలు జరిగాయి. డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించింది. తరువాత సునామీ. టెలిఫోన్లు మూగబోయాయి. ఆ బృందం డీఎక్స్ సరదాను ఆపేసి, అదే సెట్లను సహాయానికి మళ్లించింది. దీవుల నుంచి ప్రధాన భూభాగానికి సమాచారం, ఆత్మీయుల క్షేమ సమాచారం ఆ గాలి మీదే నడిచాయి. కార్ నికోబార్‌కూ హామ్‌లు వెళ్లారు. 1999 ఒడిశా పెను తుపానులోనూ, 2001 భుజ్ భూకంపంలోనూ హామ్‌లు ఇలాగే పనిచేశారు.

సరదాగా నేర్చుకున్న విద్య ఆ రోజు ప్రాణం మీదికొచ్చినవాళ్లకు అక్కరకొచ్చింది. ముందు సరదా లేకపోతే ఆ రోజు ఆ చేతులకు అలవాటు ఉండేది కాదు.

డబ్బు సంగతి

దాచిపెట్టి లాభం లేదు. కంపెనీ తయారీ షార్ట్‌వేవ్ సెట్లు మన ఇళ్ల స్తోమతకు మించినవే. కానీ దీనికి జవాబు హైదరాబాదులోనే పుట్టింది. ఆశర్ ఫర్హాన్ అనే హామ్, కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ, 2000 తరువాతి తొలి ఏళ్లలో బిట్‌ఎక్స్ అనే సెట్టును రూపొందించారు. మన బజార్లలో దొరికే మామూలు భాగాలతో చేతితో కట్టుకోగల సెట్టు అది. విదేశీ ఫెర్రైట్ రింగులు దొరక్కపోతే కుళాయిలో వేసే వాషర్ల మీద తీగ చుట్టుకోవచ్చని చూపించారు. శక్తి ఐదారు వాట్లు. ఆ డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎన్నో దేశాల హామ్‌లు దాన్ని కట్టుకున్నారు. దూరదేశం నుంచి ఎవరో వచ్చి మనకు నేర్పడమే కాదు, మన కుళాయి వాషరు కూడా లోకానికి నేర్పింది.

అంతరిక్షంలోనూ మన భాగం ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ హామ్‌శాట్ అనే 42.5 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దానిలోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మన దేశంలో తయారైంది. రెండోదాన్ని తయారుచేసింది నెదర్లాండ్స్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి. ప్రపంచ హామ్‌లకు 2014 వరకు అది ఉచితంగా సేవ చేసింది.

విద్యకు వయసు పరిమితి కూడా లేదు. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన జో టేలర్ చిన్నప్పటినుంచీ హామ్. ఆయన, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో ఎఫ్‌టీ8 అనే పద్ధతిని విడుదల చేశారు. చెవికి ఏమాత్రం వినిపించనంత బలహీన సంకేతాన్ని కూడా కంప్యూటరు దీనితో చదవగలదు.

మీరు ఎలా మొదలుపెట్టాలి?

1. ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో వెబ్ఎస్‌డీఆర్ అనే రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచారు. హాస్టల్ కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి, సాయంత్రం వేళ 14.1 నుంచి 14.35 మెగాహెర్ట్జ్ మధ్య యూఎస్‌బీ పద్ధతి ఎంచుకుని మెల్లగా తిప్పండి. మనిషి గొంతులు, కాల్ సైన్లు వినిపిస్తాయి. మొదటి వారం ఏమీ అర్థం కాదు. రెండో వారం ఒక్కో మాట విడివిడిగా చెవిన పడుతుంది.

2. విన్నవి ఒక నోటు పుస్తకంలో రాయండి. తేదీ, అంతర్జాతీయ సమయం, ఫ్రీక్వెన్సీ, కాల్ సైన్. ప్రపంచ పటం మీద ఆ దేశాన్ని గుర్తుపెట్టండి. భూగోళం పాఠం దానంతట అదే వస్తుంది.

3. మామూలు రేడియోతో మధ్యాహ్నం పన్నెండుకు, రాత్రి తొమ్మిదికి మీడియం వేవ్‌లో ఎన్ని స్టేషన్లు వినిపించాయో పదిహేను రోజులు లెక్కపెట్టండి. డి పొర ఉందని మీరే రుజువు చేసినట్లు. ఇది సైన్స్ ఫెయిర్‌కు మంచి ప్రాజెక్టు.

4. మీ సైన్స్ పాఠ్యపుస్తకంలో విద్యుత్తు, అయస్కాంతత్వం, తరంగాలు ఉన్న పాఠాలు గట్టిగా చదవండి. హామ్ పరీక్షలో రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమ నిబంధనలు ఇంకో భాగం.

5. కేంద్ర దూరసంచార శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్షలూ లైసెన్సులూ చూస్తుంది. 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు అధికారిక సమాచారం చూసుకోండి.

6. లైసెన్సు రాకుండా మైకు బటన్ నొక్కవద్దు. ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతోందని, లైసెన్సు అవసరమైన వాకీటాకీ కొని లైసెన్సు లేకుండా మాట్లాడటం నేరం. లైసెన్సు వచ్చాక కూడా వ్యాపారం, రాజకీయం, రహస్య సంకేతాలు, పాటల ప్రసారం కుదరవు.

వార్డెన్‌గారికీ, సైన్స్ మాస్టార్లకూ ఒక మనవి. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభ మన హాస్టల్లో ఘనంగా జరుగుతుంది. నాలుగు రోజుల తరువాత, ఏప్రిల్ 18న, ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినం. ఆ రోజు దగ్గర్లోని లైసెన్సు ఉన్న హామ్‌ను పిలిచి, మేడ మీద ఒక తీగ కట్టించి, పిల్లలకు గంటసేపు వినిపించండి. పిలిస్తే రాని హామ్‌ను నేను చూడలేదు. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున తీగ, తాడు, నా సెట్టు నేను తెస్తాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వందేళ్ల కిందట కొందరికి పనికిరాని మీటర్లు ఇచ్చి ఆడుకోమన్నారు. వాళ్లు ఆ మీటర్లలోనే భూగోళాన్ని చుట్టి చూపించారు. మీకు దొరికిన బల్ల, దొరికిన పుస్తకం, దొరికిన గంట సమయం చిన్నవని ఎవరైనా అంటే, వాళ్లతో వాదించవద్దు. పది మీటర్ల రాగి తీగ తెచ్చి, మధ్యకు కొలిచి కోయండి.

సెవెన్టీ త్రీ.